తిక్కలోడు హీరో అవుతాడా?

హీరో అంటే ఎవరని తిరుపతి వాళ్ళను అడక్కండి. ఆ ప్రశ్నకు మేం ఓటుతోనే జవాబు చెప్పేశాం. 1983లో ఎన్టీ రామారావును, 2009లో చిరంజీవిని గెలిపించి అసెంబ్లీకి పంపినవాళ్ళం. మా ఊళ్ళో హీరోకు కటౌటుంటుంది, కటౌటుకు దండ ఉంటుంది, దండ మీద పాలాభిషేకం ఉంటుంది, చివరి రీల్లో గెలుపు తప్పకుండా ఉంటుంది. ఇందులో ఎవరికీ అనుమానం లేదు.

చిక్కంతా నవల దగ్గరే. అక్కడ కటౌటూ లేదు, ఈలా లేదు. ఒక పిల్లగాడుంటాడు. తిండి సయించదు, చదువు ఎక్కదు, పెద్దవాళ్ళ మాట గిట్టదు. లోకం మీద కోపం, తన మీద ఇంకా కోపం. అట్లాంటివాణ్ణి మావైపు ‘తిక్కలోడు’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. రెండొందల పేజీలు వాడి వెనకాలే తిరిగి, పుస్తకం మూశాక మాత్రం బుర్ర గోక్కుంటాం. వీడు హీరో ఎట్లా అయినాడబ్బా?

చలికాలం సాయంత్రం తీరుబడిగా తేల్చుకోవాల్సిన సంగతి ఇది. కుర్చీ కాస్త ఇటు జరుపుకోండి. నవలల దాకా పోయే ముందు మిమ్మల్ని ఒక మైదానానికి తీసుకుపోతాను.

తిరుపతి, చిత్తూరు అని జిల్లాలు విడిపోయినా, ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ళున్న ఊళ్ళల్లో భారతం జరగడం మాత్రం ఆగలేదు. మామూలుగా 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. బకాసుర వధ, ద్రౌపది కల్యాణం, అర్జునుడి తపస్సు, ఇట్లా ఒక్కో రోజు ఒక్కో ఘట్టం. ఆఖరున దుర్యోధన వధ. ఆ పొద్దుకు ఊరి బయలులో మట్టితో దుర్యోధనుణ్ణి చేసి పెడతారు. నిలబెట్టరు, వెల్లకిలా పడుకోబెడతారు. తల కాడి నుంచి కాళ్ళ దాకా నడిచిపోవాలంటే చాలా అడుగులే పడతాయి. ఎర్రటి, పచ్చటి రంగులు, మెలితిప్పిన మీసాలు, ఆకాశం కేసి చూస్తున్న ఇంతింత కళ్ళు. పడిపోయినవాడి ముఖంలో కూడా పొగరు తగ్గకుండా బొమ్మ చేయడం ఆ పనివాళ్ళ నేర్పు.

వేషాలు కట్టిన భీముడు, దుర్యోధనుడు ఆ బొమ్మ చుట్టూ గదలతో తిరుగుతారు. తరుముకుంటారు, తిట్టుకుంటారు, బొమ్మ మీదికెక్కి సవాళ్ళు విసురుకుంటారు. చివరికి భీముడు మట్టి తొడ పగలగొడతాడు. జనం గోలగోలగా అరుస్తారు. ద్రౌపది శపథం తీరుతుంది, జుట్టు ముడుచుకుంటుంది. ధర్మం గెలిచింది కదా, ఇంగ ఇళ్ళకు పోవచ్చు గదా? పోరు. ఆ పడినవాడి కోసం ఏడ్పు మొదలవుతుంది. అంతసేపూ కొట్టు కొట్టు అని అరిచినవాళ్ళే, పాపం, కన్నతల్లి కడుపు ఎంత కాలిందో అని కళ్ళు తుడుచుకుంటారు. అది కూడా అయినాక బొమ్మ మీది మట్టి పిడికెడు తీసుకొని కొంగున ముడేసుకుంటారు. ఇంటికి మంచిదట, పైరుకు మంచిదట.

ఒకే పూటలో ఒకే మనిషిని చంపి, ఏడ్చి, వాడి మట్టిని ఇంటికి మోసుకుపోయిన జనం వీళ్ళు. వీళ్ళకు నవల్లో తిక్కలోడు అర్థం కాడంటే నేను నమ్మను. దుర్యోధనుడు హీరోనా అని వాళ్ళను అడిగి చూడండి, నవ్వుతారు. వాడు లేకుండా భారతం ఎట్లా జరుగుతుంది స్వామీ అంటారు. గమనించండి, మొదటి ప్రశ్నకు అది జవాబు కాదు. కథ ఎవరి మీద తిరుగుతుందో చెప్పినారు గానీ, ఎవరికి దండం పెట్టాలో చెప్పలేదు. ఈ రెండూ వేరు వేరని వాళ్ళకు తెలుసు. 1977లో ‘దానవీరశూర కర్ణ’లో రామారావు సుయోధనుడికి చప్పట్లు కొట్టిందీ మనమే. చప్పట్లు కొట్టినంత మాత్రాన వాడు చేసింది ఒప్పని ఎవరూ సంతకం పెట్టలేదు.

అలంకార శాస్త్రం వాళ్ళు కూడా ఇట్లాంటివాళ్ళకు తలుపు మూయలేదు. నాయకుల్లో ధీరోద్ధతుడని ఒక రకం పెట్టినారు. గర్వం, కోపం, తొందరపాటు వాడి సొత్తు. మొదటి షరతు మాత్రం ధైర్యం. అది లేనివాడికి ఎంత కోపమున్నా ఆ బడిలో చోటు లేదు.

ఇప్పుడు నా కొలత చెబుతాను. ఎవడు తిరగబడ్డాడు, ఎంత గట్టిగా తిరగబడ్డాడు అని నేను చూడను. ఆ తిరుగుబాటు ఖర్చు ఎవరు కట్టినారని చూస్తాను. హోటల్లో దోసె తిన్నదొకడు, బిల్లు కట్టింది ఇంకొకడు అయితే తిన్నవాణ్ణి దాత అనం గదా. దుర్యోధనుడి పంతానికి 18 అక్షౌహిణులు పోయినాయి, తోడబుట్టిన తమ్ముళ్ళంతా పోయినారు. లెక్క అక్కడే తేలిపోయింది.

ఇంగ నవలలకు వద్దాం. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావును తీసుకోండి. తెలుగులో మనసు లోపలి గందరగోళాన్ని విప్పి చూపించిన నవలల్లో దాన్ని ముందు వరుసలో పెడతారు. తగిన గౌరవమే. వంశం పేరు నిలబెట్టాలని తండ్రి చెప్పిన మాట నెత్తిన పెట్టుకొని ఆస్తి కరగబెట్టాడు. తర్వాత ఉద్యోగం కుదరదు, చుట్టం కుదరడు, లోకం తీరు అసలే కుదరదు. ఆయన వేసే ప్రశ్నలు చాలా పదునైనవి. కొన్నిటికి ఇప్పటికీ మన దగ్గర జవాబు లేదు. అయితే ఆ ప్రశ్నల వేడికి కమిలిపోయిందెవరు? ఇల్లాలు ఇందిర. లోకం మీది కోపం ఇంట్లో ఆడమనిషి మీద తీర్చుకోవడం తిరుగుబాటు కిందికి రాదు, అది వీధి వీధికీ ఉండే సంగతే. గోపీచంద్‌కు ఇది బాగా తెలుసు, అందుకే పుస్తకం పేరులోనే తీర్పు రాసిపెట్టినాడు. పుస్తకం గొప్పది. సీతారామారావు హీరో కాడు. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అనొచ్చు.

నవీన్ ‘అంపశయ్య’ రవి సంగతి వేరే. 1969లో వచ్చిన నవల. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో ఒక పేద పల్లెటూరి కుర్రాడి ఒక్కరోజు. లేచినప్పటి నుంచి వాడి తలలో తిరిగే ఆలోచనలే కథ. డబ్బుల్లేవు, పరీక్షల భయం, ఆడపిల్లల ముందు బెరుకు, స్నేహితుల ముందు సిగ్గు. రాసినాయన పేరు ముందు ఇంటిపేరై కూచుందంటే ఆ పుస్తకం ఎంతమందిని పట్టుకుందో చూడండి. రవి పెద్దగా చేసిందేమీ లేదు. ఎవరినీ ముంచనూ లేదు. తన బాధ తానే పడ్డాడు. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ హాస్టళ్ళలో ఉండి చదువుకున్నవాళ్ళు ఎవరైనా సరే, ఆ పేజీలు చదువుతూ తమ గది నంబరు గుర్తుచేసుకోకుండా ఉండలేరు. వాడికి హీరో బిరుదు ఇప్పుడే ఇవ్వను, లేదని కూడా అనను. ఒక్కరోజు చూసి మనిషికి తీర్పు చెప్పడం న్యాయం కాదు. నవీన్ కూడా అట్లాగే అనుకున్నట్టున్నాడు, ‘ముళ్ళపొదలు’, ‘అంతస్రవంతి’ అని రవి కథను ఇంకా ముందుకు నడిపించాడు.

ప్రపంచంలో పేరుమోసిన తిక్కలోడు ఒకడున్నాడు, హోల్డెన్ కాల్‌ఫీల్డ్. అమెరికాలో శాలింజర్ 1951లో వేసిన ‘ది క్యాచర్ ఇన్ ద రై’లో పదహారేళ్ళ పిల్లగాడు. బడి నుంచి తరిమేస్తే ఇంటికి పోకుండా న్యూయార్కులో తిరుగుతాడు. కనిపించిన ప్రతివాడూ దొంగవేషగాడే వాడి కంటికి. వీడికేం పని, రెండు తగిలిస్తే సరిపోతుంది అనిపిస్తుంది మనకు. కొంచెం ఓపిక పట్టండి. హోటల్లో కనిపించిన ఇద్దరు సన్యాసినులకు పది డాలర్లిచ్చి, ఇంతేనా ఇచ్చింది అని తర్వాత నొచ్చుకుంటాడు. చివరికి అన్నీ వదిలేసి ఎటో పోతానని చెల్లెలికి చెబితే, ఆ చిన్నపిల్ల పెద్ద పెట్టె ఈడ్చుకుంటూ నేనూ వస్తానని ఎదురొస్తుంది. వద్దంటాడు, కసురుకుంటాడు. ఆ పిల్ల మొండికేస్తుంది. అప్పుడు హోల్డెన్ తన ప్రయాణమే మానుకుంటాడు. తన తిక్కకు చెల్లెలు వెల కట్టే ఘడియ రాగానే తిక్కను అక్కడే దించిపెట్టినాడు. నా కొలతకు వాడు నిలబడ్డాడు. యుద్ధాలు చేసినవాళ్ళు కూడా అందరూ నిలబడరు.

పరాయి ఊళ్ళ పిల్లగాళ్ళు సరే, మీ చిత్తూరు సంగతేందని అడుగుతారు. అడగాల్సిందే. చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి మద్రాసులో చదువుకునే రోజుల్లోనే ‘ముసలమ్మ మరణము’ రాసినాడు. రాజుల్లేరు, శుభం కార్డు లేదు. చెరువు కట్ట తెగకుండా తనను తాను బలిచ్చుకున్న పల్లెటూరి కోడలు కథ. రాణులకు తప్ప కావ్యంలో పీట వేయని కాలంలో ఆమెకు పీట వేసిన ఘనత ఆయనది. మొత్తం వెల ఆమే కట్టింది. కానీ ఆమె ఎవరి మీదా తిరగబడలేదు, ఊరు అడిగింది, ఇచ్చేసింది. తిరుగుబాటు లేకుండా వెల మాత్రమే కట్టించుకునే లోకం మీద నాకు మంటగా ఉంటుంది, అది ఇంకో సాయంత్రం మాట్లాడుకుందాం.

వందేళ్ళు దాటి అదే జిల్లా రచయిత చేతి నుంచి ఇంకో ఆడమనిషి వచ్చింది, డాక్టర్ కేశవరెడ్డి ‘మునెమ్మ’. ఆయన నిజామాబాద్ వైపు కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ, కథలు మాత్రం చిత్తూరు మట్టిలోనే నాటినాడు. ‘అతడు అడవిని జయించాడు’లో తప్పిపోయిన పంది కోసం ఒక ముసలివాడు రాత్రంతా అడవితో పోరాడతాడు. ఎవరినీ తోడు పిలవడు. తెల్లవారేసరికి చేతికి చిక్కిందేమీ లేదు. ఒంట్లో సత్తువ మాత్రం ఖర్చయిపోయింది. ఆ ముసలాయన గురించి నాకు రెండో ఆలోచన లేదు.

మునెమ్మ లెక్క మాత్రం అంత సులువుగా తేలదు. మొగుడు జయరాముడికి ఇంట్లో బొల్లిగిత్త మీద, ఆ గిత్తను ప్రాణంగా చూసుకునే పెళ్ళాం మీద వల్లమాలిన కోపం. కొడతాడు. గిత్తను అమ్మడానికి తోలుకుపోతాడు. గిత్త తిరిగొస్తుంది, మనిషి రాడు. మునెమ్మ మరిదిని వెంటబెట్టుకొని గిత్తతో బయల్దేరి, మొగుణ్ణి పొట్టన పెట్టుకున్నవాళ్ళ ఆనవాలు పట్టి పగ తీర్చుకుంటుంది. 2008లో పుస్తకం వచ్చినప్పుడు చదివినవాళ్ళు రెండు జట్లయినారు. కొట్టిన మొగుడి కోసం పగ తీర్చుకోవడం ఏం తిరుగుబాటమ్మా అన్నారు కొందరు. గడప దాటడానికి ఎవరి సెలవూ అడగని ఆడమనిషి కంటే తిరుగుబాటు ఇంకేముంది అన్నారు కొందరు. పోలీసులా, పెద్దమనుషులా, ఎవరి గుమ్మమూ తొక్కకుండా తన పని తాను చేసుకుపోయింది, అది ఆమె వైపు. ప్రాణాలు తీసింది, అది అటు వైపు. నేనైతే ఆమెను హీరో అనే అంటాను. కాదన్నవాళ్ళతో రాత్రంతా వాదించడానికి కూడా సిద్ధమే, ఎందుకంటే వాళ్ళ మాటలోనూ పస ఉంది. ఇట్లా వాదన తెగనివాళ్ళే నవలల్లో ఎక్కువ కాలం బతుకుతారు.

మీరు ఇందాకటి నుంచీ ఒక పేరు కోసం కాచుక్కూచున్నారని నాకు తెలుసు. దేవదాసు. 1953లో నాగేశ్వరరావు ఆ శాలువా కప్పుకున్నప్పటి నుంచీ వాణ్ణి మన ఇంటి పిల్లగాణ్ణి చేసుకున్నాం. ప్రేమించాడు, తండ్రికి ఎదురు చెప్పలేకపోయాడు, తాగాడు, పోయాడు. జాలిపడదాం, నాకూ అభ్యంతరం లేదు. అయితే శరత్‌బాబు బెంగాలీ నవల్లో ఒక ఘట్టముంది. పార్వతి తన మాటకు తలొంచలేదని దేవదాసు చేతిలోని గాలపుకర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు, మచ్చ మిగిలిపోతుంది. దేవదాసు అభిమానులు నా మీదికి తగువుకు రావచ్చు, కాఫీ పెట్టించి మరీ కూచోబెడతాను. వచ్చేముందు ఆ ఒక్క పేజీ చదువుకొని రండి.