ఎకరం ముప్పై గుంటల ఆట

ఫుట్‌బాల్ గ్రౌండ్‌ను ఎప్పుడైనా గుంటల్లో లెక్కేశారా? నేను లెక్కేశాను. పెద్ద మ్యాచ్‌లకు మామూలుగా వాడే కొలత 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అంటే 7,140 చదరపు మీటర్లు. మన లెక్కలో ఎకరం ముప్పై గుంటల పైచిలుకు. లైను దాటాక పరుగు ఆపుకోవడానికి కాస్త జాగా, చుట్టూ కూర్చోవడానికి కాస్త జాగా కలిపితే రెండెకరాలు దాటిపోతుంది. హైవే పక్క ఊళ్లో రెండెకరాలంటే ఇవాళ ఎంత పలుకుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఈ లెక్క బుర్రలో పెట్టుకునే మొన్న పాత వరంగల్ జిల్లాలో నాలుగు రోజులు తిరిగాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. 2016 అక్టోబర్ 11 దాకా ఈ మూడు ఊళ్లదీ ఒకే జిల్లా. ఇప్పుడు మూడూ జిల్లా కేంద్రాలే. కలెక్టరేట్లు వచ్చాయి, మెడికల్ కాలేజీలు వచ్చాయి. మరి మా డిగ్రీ కాలేజీ పిల్లలు ఫుట్‌బాల్ ఎక్కడ ఆడుతున్నారు? చూద్దామనే బయల్దేరాను.

జనగామలో మైదానం అంటే రెండు పేర్లు వినబడతాయి. ఒకటి ధర్మకంచ మినీ స్టేడియం, రెండోది ప్రెస్టన్ గ్రౌండ్. ఆటల సంగతి అడిగితే ధర్మకంచ అంటారు. సభల సంగతి అడిగితే ప్రెస్టన్ అంటారు. పొద్దున ఆరింటికి ధర్మకంచకు పోయాను. వాకింగ్ చేసే పెద్దలు, పోలీసు ఉద్యోగాలకు పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు. ఒక మూల నలుగురు పిల్లలు బంతితో కనిపించారు, చెప్పుల్లేకుండా. రెండు చెప్పుల జతలు గోల్‌పోస్టులైపోయాయి మరి.

"రోజూ ఆడతరా తమ్ముడూ?"

"ఆడ్తమన్నా. ఏదన్నా ప్రోగ్రాం ఉంటే ఆ దినం బంద్."

"ప్రోగ్రాం అంటే?"

వాడు నవ్వాడు. "ప్రోగ్రామంటే ప్రోగ్రామే అన్నా. పరేడ్, మీటింగ్, ఏదన్నా."

ఆ ఒక్క మాట మిగతా మూడు రోజులూ నా వెంటే తిరిగింది.

జనగామ నుంచి కాజీపేట వైపు పాసింజర్ ఎక్కాను. రఘునాథపల్లి, ఘన్‌పూర్, పెండ్యాల. ఈ దారిలో ఏ పల్లెకెళ్లినా ఒక బోర్డు కనిపిస్తుంది: తెలంగాణ క్రీడా ప్రాంగణం. 2022లో మొదలైన పథకం. ఊరికో ఆటస్థలం, కుదిరితే ఎకరం, కుదరకపోతే అంతకంటే తక్కువ. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, లాంగ్‌జంప్ గుంత, కసరత్తు చేసే కడ్డీలు. ఆలోచన మంచిదే, కాదనను. కానీ గుంటల లెక్క మళ్లీ గుర్తొచ్చింది. ఫుట్‌బాల్ రూల్ బుక్‌లో అతి చిన్న గ్రౌండ్ 90 మీటర్లు, 45 మీటర్లు. అంటే 4,050 చదరపు మీటర్లు. ఎకరం ఎంతో తెలుసా? 4,047. మూడు చదరపు మీటర్లు తక్కువ! ఎకరం మొత్తం గీతలు గీసేసినా ఫుట్‌బాల్ అందులో పట్టదు. కబడ్డీ కోర్టు చూడండి, 13 బై 10. గుంటన్నర కూడా అక్కర్లేదు. మన ఊళ్లలో ఏ ఆట బతికిందో, ఏది బతకలేదో చెప్పడానికి టాలెంటు గురించి ఉపన్యాసాలెందుకు, టేపు చాలు.

అందుకే ఈ ఆటకు కాలేజీ మైదానమే దిక్కు. అంత జాగా ఒక్కచోట ఉండేది అక్కడే.

నేను ఇంటర్ చదివిన కాలేజీలో (పేరొద్దులెండి) గ్రౌండు సగంలో కొత్త బ్లాకు లేచింది. మిగతా సగంలో ఏడుగురు, ఏడుగురుగా ఆడేవాళ్లం. ఒక పక్క కార్నర్ కిక్ కొట్టాలంటే సైకిల్ స్టాండులో నిలబడాలి. బంతి కిటికీ అద్దానికి తగిలితే ఆ వారం ఆట బంద్.

వరంగల్‌లో బండి మారి మహబూబాబాద్ పోయాను. నెక్కొండ దాటాక, కేసముద్రం దాటాక, మిర్చి వాసన. ఇక్కడివాళ్లు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. ఎన్టీఆర్ స్టేడియం ఈ ఊరికి అన్నీ. పొద్దున వాకింగు, ఆగస్టు 15కు జెండా, మధ్యలో ఎవరి ఆట వాళ్లది. సాయంత్రం క్రికెట్ మ్యాచ్‌లు మూడు ఒకదాని మీద ఒకటి నడుస్తున్నాయి. ఒకడి ఫీల్డర్ ఇంకొకడి అంపైరు పక్కన నిలబడ్డాడు. ఫుట్‌బాల్ తెచ్చిన పిల్లలు గోడ దగ్గర ఎదురుచూస్తున్నారు. క్రికెట్‌తో వచ్చిన గొడవే ఇది: గల్లీలోనైనా ఆడొచ్చు, అయినా గ్రౌండంతా తనకే కావాలంటుంది.

గోడ దగ్గర కూర్చున్నవాళ్లలో ఇద్దరమ్మాయిలు. దగ్గరి తండా నుంచి వచ్చామన్నారు. సౌమ్య గుగులోత్ పేరెత్తగానే ఇద్దరి మొహాలూ వెలిగాయి. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. ఇండియా జట్టులో ఆడింది, 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌కు సంతకం చేసింది. "మా గుగులోతులే అన్నా" అంది ఒకమ్మాయి, ఇంటి చుట్టం సంగతి చెప్పినట్టు. పక్క జిల్లాలో, పర్వతగిరి మండలం కల్లెడ నుంచి దీప్తి జీవాంజి వచ్చింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం. పల్లెల్లో కాళ్లకు కొదవేం లేదు.

వాళ్ల పక్కనున్న కుర్రాడు ఫోన్లో 'మైదాన్' సినిమా చూశాడట. అజయ్ దేవగణ్ వేసిన ఆ కోచ్ పాత్ర గురించి అడిగాడు. "ఆ సారు నిజంగ హైదరాబాదాయననేనా అన్నా?"

నిజంగానే తమ్ముడూ. సయ్యద్ అబ్దుల్ రహీం. మన కథ మొదలయ్యేదే అక్కడ, అదీ ఒక కాలేజీ దగ్గర. మూసీ ఒడ్డున హైకోర్టు పక్కన సిటీ కాలేజీ ఉంది కదా, అక్కడి పాత, కొత్త విద్యార్థులు కలిసి కట్టుకున్న జట్టులో ఆయన ఆడాడు. తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ జట్టులో. ఉద్యోగం ఏంటనుకున్నారు? బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూంలో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బళ్లో ఆటల బాధ్యత తీసుకున్నాడు. అంటే మన పీఈటీ సారన్నమాట.

ఆ పీఈటీ సారు 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నాడు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ వాళ్లదే. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్‌లో, రహీం సాబ్ కోచింగ్‌లో ఇండియా ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీస్‌కు పోయింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్. 1963 జూన్‌లో పోయాడు.

ఆయన పెట్టిన పోటీల్లో కొన్నింట్లో బలమైన కాలు వాడకూడదట, రెండో కాలితోనే కొట్టాలి. దానికి గ్యాలరీ అక్కర్లేదు. గ్రౌండు రోజూ ఖాళీగా ఉండాలి, ఒక సారు రోజూ రావాలి. అంతే. ఈ మాట చెప్తే ఆ కుర్రాడు వెంటనే ఎడమకాలితో ఒకటి కొట్టాడు. బంతి నేరుగా క్రికెట్ వికెట్ల మీదకు! గొడవ సర్దడానికి పావుగంట పట్టింది.

మూడో రోజు హనుమకొండలో దిగాను. ఈ మూడు జిల్లాల కాలేజీ పిల్లలకు పెద్ద దిక్కు ఇదే. కాకతీయ యూనివర్సిటీ 1976లో వచ్చింది. అంతర్ కళాశాల పోటీలకు, యూనివర్సిటీ జట్టు సెలెక్షన్లకు ఇక్కడికే రావాలి. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం చూస్తే కళ్లు నిండుతాయి. 2021లో సింథటిక్ ట్రాక్ పడింది, ఆ సెప్టెంబర్‌లోనే జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది. హర్మిలన్ బెయిన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, సునీతా రాణి 19 ఏళ్ల జాతీయ రికార్డును బద్దలుకొట్టింది ఇక్కడే. ఎనిమిది లేన్ల ట్రాక్‌కు నాలుగెకరాలు కావాలి. దాని కడుపులో ఫుట్‌బాల్ గ్రౌండ్ ఇముడుతుంది. అందుకే దేశంలో ఏ స్టేడియానికెళ్లినా ట్రాక్ మధ్యలో గోల్‌పోస్టులు కనిపిస్తాయి. ఫుట్‌బాల్ అక్కడ అద్దెకున్నట్టుంటుంది. ఈటెలు విసిరే రోజు బయటికి పోవాలి.

సుబేదారిలో ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ గ్రౌండ్ అయితే మీరు టీవీలో చూసే ఉంటారు. 2022 మే 6న రాహుల్ గాంధీ రైతు సభ. 2023 జులై 8న ప్రధాని మోదీ సభ. 2024 నవంబర్ 19న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సభ. పార్టీ ఏదైనా అందరికీ కాలేజీ గ్రౌండే నచ్చుతుంది. నచ్చదా మరి, ఊరి మధ్యన ఇంత ఖాళీ ఇంకెక్కడుంది! నాకు సభల మీద కోపం లేదు. తెలంగాణ ఉద్యమమే కాలేజీ మైదానాల్లో పెరిగింది. కానీ లక్షమంది వచ్చిపోయిన గ్రౌండ్ ఎక్కడిదైనా సరే, మర్నాడు వెళ్లి చూడండి. టెంటు గుంజల గుంతలు, బస్సు టైర్ల గాళ్లు, మట్టిలో మేకులు. స్టేజీ పీకడానికి రోజు చాలు. గుంత సరిగ్గా పూడ్చి, మట్టి గట్టిపడి, చీలమండ మడతపడకుండా పరుగెత్తగలగాలంటే ఒక వాన కావాలి. ఎండాకాలం సభ అయితే జూన్ దాకా ఆగాలి. సభకు కట్టే ఖర్చులో గ్రౌండును మళ్లీ గ్రౌండు చేసే ఖర్చు కూడా ముందే రాయించుకుంటే ఏం పోయిందో నాకర్థం కాదు.

చివరి రోజు భూపాలపల్లి. ఇక్కడికి రైలు లేదు. హనుమకొండ నుంచి పరకాల మీదుగా ఆర్టీసీ బస్సు. అంబేద్కర్ స్టేడియం దగ్గర దిగేసరికి ఫస్ట్ షిఫ్ట్ చేసొచ్చిన కార్మికులు బూట్లు కట్టుకుంటున్నారు. ఇది సింగరేణి ఊరు. కంపెనీలో ఆటల కోసం డబ్ల్యూపీఎస్ అండ్ జీఏ అని ఒక విభాగమే ఉంది. ముందు ఏరియాల మధ్య పోటీలు, అక్కడ నెగ్గినవాళ్లు కోల్ ఇండియా పోటీలకు పోతారు. అంటే ఇక్కడ ఆటకు క్యాలెండర్ ఉంది, గ్రౌండుకు ఒక యజమాని ఉన్నాడు. డిగ్రీ కాలేజీల్లో నాకు దొరకనిది అదే.

అంచున నిలబడి చూస్తున్న డిగ్రీ కుర్రాళ్లను లోపలికి పిలిచారు, రెండో జట్టుకు మనుషులు చాలక. యాభై దగ్గరపడిన ఒక కార్మికుడు గోల్‌లో నిలబడ్డాడు. పొట్ట కొంచెం ముందుకొచ్చింది, చేతులు మాత్రం ఇంకా తయారుగా ఉన్నాయి. డిగ్రీ పిల్లాడు కొట్టిన మొదటి షాట్ ఆయన ఛాతీకి తగిలి వెనక్కి వచ్చింది.

"కుడికాలు దాచుకో బిడ్డా. ఎడమతోని కొట్టు, అప్పుడు చూద్దాం" అన్నాడాయన.

రహీం సాబ్ పేరు ఆయన విన్నాడో లేదో నేను అడగలేదు. పరకాల బస్సుకు ఇంకా ముప్పావుగంట ఉంది. బ్యాగు స్తంభం పక్కన పెట్టి, చొక్కా చేతులు మడిచి, నేనూ లోపలికి నడిచాను.