చప్పుడు చేయని గొట్టము

చేపల తొట్టి గలవారు మొదట చేపలను గూర్చియే యోచింతురు. నీరు వెలుపలికి పోవు దారి తరువాత గాని తలపునకు రాదు. మా ప్రకృతిశాస్త్రపు గదిలోని తొట్టికి, దాని నమ్మినవారు బిగించిన గొట్టము ఒక్కటియే. అది పగలెల్ల గడగడలాడుచుండెను. ప్రక్కగదిలో పద్యములు చదువు పిల్లలు దానితో పోటీపడి గొంతు పెంచుచుండిరి. అది చాలదన్నట్లు, ఒక రాత్రి నీటిమొక్క ఆకొకటి ఆ గొట్టపు నోట చిక్కుకొనెను. క్రింది తొట్టిలోని మోటారు నీటిని పైకి తోడుచునే యుండగా, పైనీరు పొర్లి గదియంతయు నిండెను. తొమ్మిదవ తరగతి పిల్లలు ఏడాదిపాటు సేకరించి, ఎండబెట్టి, అతికించిన ఆకుల పుస్తకములు ముద్దయిపోయెను. చేపలు మాత్రము బ్రతికినవి.

చప్పుడునకు కారణము నీరు కాదు, గాలి. సగమే నిండిన గొట్టములో నీరు గాలిని మ్రింగుచు, క్రక్కుచు దిగును. గొట్టము పూర్తిగ నిండెనా, సైఫనై సద్దు లేక పారును. వనపర్తి జిల్లాలో మదనాపురము చెంత 1959లో పూర్తియైన సరళాసాగరమునకు ఇట్టి ఏర్పాటే చేసిరి. గేట్లెత్తు మనిషితో పని లేక, నీరు నిండుమట్టము దాటగానే సైఫనులు తమంత తామే గాలిని వెడలించి నీటిని లాగును. అయితే సైఫను తన వంతునకు మించి గ్రహింపదు. దాని నోరు మూసుకొనినచో అంతటితో సరి. అందుచేతనే గదా మన పెద్దలు చెరువులకు తూము వేరు, అలుగు వేరుగ కట్టిరి! మన జిల్లాలో 1369 నాటి శాసనము గల పోరుమామిళ్ల చెరువును చూచినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

కావున తొట్టి మూలలోని అద్దపు అరలో మూడు గొట్టములు దింపితిమి. పులివెందుల అంగడిలో అంగుళపు ట్యాంకు నిపుళ్లు, ఎల్బోలు, టీలు, యూనియన్లు, ఒక గేటు వాల్వు అడుగగా, అంగడియతడు "మిద్దె మీది ట్యాంకుకా సార్?" అనెను. చేపలకని చెప్పగా నవ్వి, చౌకయని బాల్ వాల్వు చేతికిచ్చెను. మేము తీసికొనలేదు. పావు చుట్టులో తెరచి మూయుటకు అది మంచిదే; వెండ్రుకవాసి సవరింపునకు మాత్రము గేటు వాల్వే తగును.

మొదటి గొట్టపు నోరు క్రిందికి వంగి నీట మునిగియుండును. దాని దిగువన గేటు వాల్వు. ఇదియే సైఫను. క్రింది తొట్టిలో దీని కొన ఒక అంగుళము మాత్రమే మునుగవలెను. మరింత లోతైనచో, ఆగిన మోటారు తిరిగి నడచునపుడు లోని గాలి వెలుపలికి పోజాలదు. రెండవది సైఫను విడిచిన కొద్ది నీటిని గోడవెంట జార్చును. దాని తలపై సన్నని గాలిగొట్టము నొకదానిని అమర్చి, దాని కొనను నీటిమట్టమునకు కొంచెము పైన నిలిపితిమి. మట్టము పెరిగి ఆ కొన మునిగెనా, గాలి అందక ఇదియు సైఫనగును. మూడవది అన్నిటికంటె ఎత్తున నోరు తెరచుకొని ఊరక నిలుచును.

"ఏ పనీ చేయనిదానికి ఇంత గొట్టమెందుకు సార్?" అని ఒక బాలుడడిగెను. వానిచేతనే మొదటి రెండింటి నోళ్లను గుడ్డతో మూయించితిమి. నీరు మూడవదానిలోనికి దూకి గది మారుమ్రోగెను. ఆ మ్రోతయు మేలే. వినినవారెవరైనను పరుగెత్తి వత్తురు.

తుమ్మలపల్లెలో కరెంటు పోవుట క్రొత్త కాదు. మోటారాగగానే అద్దపు అర అంచునకు పైనున్న నీరంతయు క్రిందికి దిగును. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల తొట్టిలో అంగుళము నీరనగా సుమారు 14 లీటర్లు; అరలోని నీరు వేరు. క్రింది తొట్టిలో అంతకు మించిన చోటు ఖాళీగ నుంచవలెను. పైకి తోడు గొట్టము నీటిని వెనుకకు లాగకుండ, నీటిమట్టము చెంత దానికొక చిన్న రంధ్రము చేసితిమి.

మన నేలక్రింద నున్నది వేంపల్లె డోలమైటు రాయి. బోరునీరు కఠినజలము, వాల్వులో తెల్లని పొర పేరుకొనును. అందుకే యూనియన్లు పెట్టితిమి. పై ఎల్బోలను సాల్వెంటు సిమెంటుతో అతికింపక, చేతితోనే బిగించితిమి. నెలకొకమారు వాల్వును విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన నీట నానవేసి, బాగుగ కడిగి బిగించు పనికి తొమ్మిదవ తరగతివారు వంతులు వేసికొనిరి. గేటు వాల్వు త్రిప్పుటకు మాత్రము ఇద్దరికే అనుమతి.