మేనరికము – ఆల్‌స్ట్రామ్ వ్యాధి

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు బోవు బస్సులో పెండ్లిమాటలు మా చెవినిబడని దినము లేదు. "మేనమామ కూతురుండగా బయటి సంబంధమేల? పిల్ల మన కన్నుల యెదుటనే యుండును" అని పెద్దలందురు. అందు పొలముపై ఆశయు గలదు, ప్రేమయు గలదు. గోత్రములు వేఱుగదా యని శాస్త్రమునుగూడ తోడు దెత్తురు. మేనమామ కూతును బెండ్లాడుట దాక్షిణాత్యుల యాచారమనియు, అది వివాదాస్పదమనియు బౌధాయనుడు తన ధర్మసూత్రములలో ఏనాడో చెప్పెను. గోత్రము తండ్రివరుసను మాత్రమే లెక్కించును; లోపములు తల్లివైపునుండియు వచ్చును.

ఆల్‌స్ట్రామ్ వ్యాధినిగూర్చి చదివినపుడు ఈ సంగతి మాకు మఱింత స్పష్టమైనది. 1959లో స్వీడను దేశపు వైద్యుడు కార్ల్ హెన్రీ ఆల్‌స్ట్రామ్ వర్ణించిన యీ వ్యాధి మిక్కిలి అరుదు. పసిబిడ్డ కనుపాపలు నిలుకడలేక కదలాడును; వెలుతురునకు బిడ్డ కన్నులు మూసికొనును. తొలి యేటనే ఒడలు బొద్దుగా పెరుగజొచ్చును. ఇరుగుపొరుగు అమ్మలు "ఎంత ముద్దుగా నున్నాడు, దిష్టి తీయుము" అందురు. పిదప వినికిడి క్రమముగా తగ్గును. యౌవనము నాటికి మధుమేహము వచ్చును. కొందఱికి శైశవముననే గుండె బలహీనపడును. కన్ను నొకరు, చెవి నొకరు, చక్కెర నొకరు చూతురు. అన్నిటిని గలిపి చూచువారు లేక ఏండ్లు గడచును. వీటన్నిటికి మూలము ఏఎల్ఎంఎస్1 అను ఒక్క జన్యువని 2002లో తేలినది.

చెడిన ప్రతి తల్లియం దొకటి, తండ్రియం దొకటి యుండును; వారిరువురును ఆరోగ్యవంతులే. రెండును బిడ్డకు సంక్రమించిననే వ్యాధి. దాని సంభవము ప్రతి కాన్పునందును నాలుగింట నొకవంతు. "ఒకడు పుట్టెను, ఇక మూడు కాన్పులు క్షేమమే" యనుట పొరపాటు; ప్రతి కాన్పును క్రొత్తగా పాచిక వేయుటయే. బయటి సంబంధములందును ఈ బిడ్డలు పుట్టవచ్చును. మేనరికపు బిడ్డలందఱును రోగులనుట అబద్ధము. కాని మేనబావ మరదండ్రకు సగటున ఎనిమిదింట నొకవంతు, మేనమామ మేనకోడండ్రకు నాలుగింట నొకవంతు జన్యువులు ఉమ్మడివి. ఒకే తాతయింటి లోపము ఇరువైపులనుండి వచ్చి కలియుట కిది రాజమార్గము. ఈ లెక్కలో కోడలి నొక్కతెనే నిందించుట కెక్కడ చోటున్నది? అయినను "గ్రహణమునాడు వాకిట నిలిచితివి" అని వేధించుట మన యిండ్లలో వింతగాదు.

ఉపాధ్యాయులమగుటచే మాకు వేఱొక బాధ. ఈ వ్యాధి సాధారణముగా బుద్ధిని చెఱుపదు. భారతము ధృతరాష్ట్రుని ప్రజ్ఞాచక్షువన్నది. మనమో, చూపు తక్కువై పిలిచినను పలుకని పిల్లవానిని మందమతి యని వెనుకబల్లకు పంపుదుము. వినికిడి మిగిలియుండగనే వానికి బ్రెయిలు నేర్పవలెను, చెవియంత్రము పెట్టింపవలెను. ఆళ్లగడ్డ శిల్పులు ఱాతి నునుపును వ్రేళ్లతో తడవి చూతురు. ఆ విద్య బడిలోనేల రాకూడదు?

వ్యాధిని సమూలముగా మాన్పు మందు లేదు. తిండి మితముగా బెట్టుట, గుండెను, చక్కెరను, మూత్రపిండములను, కాలేయమును తఱచు పరీక్షించుట చేతనగును. హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. వంటి సంస్థలలో జన్యురోగనిర్ణయము జరుగుచున్నది. జాతకములకై నాలుగూళ్లు తిరుగు పెద్దలు అక్కడకు బోవుటకు మాత్రము వెనుదీయుదురు. రోగియగు బిడ్డకు ఆరోగ్యవతియైన అక్క యున్నదనుకొందము. ఆమెయందును చెడిన ప్రతి యుండుటకు మూడింట రెండువంతుల సంభవము కలదు. ఇంటిలో ఇపుడు మేనబావతో పెండ్లిమాటలు నడచునది ఆమెకే.