రక్తంలో పుప్పొడి జాడ

మాదాపూర్ అయ్యప్ప సొసైటీ సందుల్లో ఖాళీ ప్లాటు కనిపిస్తే చాలు, వానలు వెనకబట్టేసరికి అందులో వయ్యారిభామ నడుమెత్తు పెరిగిపోతుంది. 1950లలో దిగుమతి గోధుమలతో పాటు దేశంలోకి వచ్చిందని చెప్పుకునే కాంగ్రెస్ గడ్డి ఇదే. అలాంటి ప్లాటు పక్కనున్న డయాగ్నొస్టిక్ సెంటర్‌లో అలర్జీ రక్తపరీక్ష ఎలా చేస్తారో చూడటానికి వెళ్లాను.

మెడలో ఆఫీసు ట్యాగుతో ఒక కుర్రాడు తుమ్ముకుంటూనే కుర్చీలో కూర్చున్నాడు. "టిఫిన్ చేసొచ్చా. రాత్రి సెట్రిజిన్ కూడా వేసుకున్నా. పర్లేదా మేడమ్?"

"దీనికి రెండూ అడ్డు కావు సార్. పిడికిలి బిగించండి" అంటూ టెక్నీషియన్ అమ్మాయి చేతికి పట్టీ కట్టింది. చర్మం మీద చేసే ప్రిక్ టెస్టుకైతే ఆ మాత్ర కొన్ని రోజుల ముందే ఆపాలి.

ట్యూబులో రక్తం గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పారు. ఎర్రకణాలు అడుగుకు దిగాయి, నడుమ జెల్ పొర, పైన లేత పసుపు సీరం. పరీక్షంతా ఆ సీరం మీదే. వయ్యారిభామ, గరిక, సర్కారు తుమ్మ... దేని పుప్పొడి ప్రొటీన్లు దానికి విడిగా పరీక్ష కిట్‌లో అతికించి ఉంటాయి. వాటిని గుర్తుపట్టే ఐజీఈ యాంటీబాడీ సీరంలో ఉంటే అక్కడ పట్టుకుంటుంది. మిగతాది కడిగేసి, పట్టుకున్నది ఎంతో యంత్రం కొలుస్తుంది. ఈ ఐజీఈని 1960లలో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిచ్ వేర్వేరుగా గుర్తించాకే ఇలాంటి పరీక్షకు దారి పడింది.

రిపోర్టులో సాధారణంగా లీటరుకు 0.35 కిలోయూనిట్లు దాటితే పాజిటివ్ అంటారు. "అంతమాత్రాన జబ్బున్నట్టు కాదండీ" అన్నారు పాథాలజిస్ట్. పాజిటివ్ వచ్చినా ఒక్క తుమ్ము రానివాళ్లుంటారు. వయ్యారిభామ తగిలి చర్మం దురదలెక్కినవాళ్లకు ఈ రక్తపరీక్ష నెగెటివ్ రావచ్చు. ఆ బాధకు మూలం ఎక్కువగా టి కణాలు, దానికి ప్యాచ్ టెస్ట్ చేయాలి. రోడ్ల డివైడర్ల మీది కోనోకార్పస్ అంటే ఊరంతా అనుమానమే, ఈ సెంటర్ పరీక్షించే మొక్కల జాబితాలో మాత్రం దాని పేరే లేదు. జాబితాలో లేని మొక్క ఊసు రిపోర్టు ఎత్తదు.

పెద్ద ప్యానెల్ చేయించుకుంటే అన్నీ తేలిపోతాయనుకుంటాం. ఖర్చుతో పాటు బాధకు సంబంధం లేని పాజిటివ్‌లూ పెరుగుతాయి. అందుకే పాథాలజిస్ట్ కుర్రాణ్ని అడిగారు: "ఎక్కువ ఎప్పుడు? బైక్ మీదా, గదిలోనా?"

"పొద్దున పక్క మీంచి లేవగానే మేడమ్."

"అయితే ముందు డస్ట్ మైట్ చూడాలేమో. మీ డాక్టరుగారికి ఈ మాట కూడా చెప్పండి."