నారికుచ్చు

కొన్నేండ్ల క్రితం నేనొక హిందీ కథను తెలుగు చేశాను. అడవి అంచున బ్రతికే ఒక ముసలి వేటగాడు, మూడు దినాలుగా ఇంట పొయ్యి రాజుకోని స్థితిలో, పందిజాడ పట్టుకొని పోయి, ఇరువది గజాల దూరం నుంచి బాణం విడుస్తాడు. పంది తప్పించుకుంటుంది. వేటగాడు ఉత్త చేతులతో ఇంటికి వస్తాడు. మూలంలో ఆ ఘట్టమంతా నాలుగు పొట్టి వాక్యాలు. వాటిలో ఒకదానికి అర్థం 'తాడు పలికింది' అని మాత్రమే. అది నాకు మరీ బోడిగా తోచింది. చిన్ననాటి నుంచి భారతాన్ని చెవులారా విన్నవాణ్ణి. విల్లు అనగానే గాండీవం తప్ప మరొకటి తలపుకు రాదు. అందుచేత నా వేటగాడు దిక్కులు పిక్కటిల్లునట్లు ధనుష్టంకారం చేసి మరీ బాణం వదిలాడు. పుస్తకం అచ్చయింది. ఆ వాక్యాన్ని ఒకరిద్దరు మెచ్చుకున్నారు కూడా.

మెచ్చుకోనివారు ఒక్కరే, మా బావగారు. వారు శ్రీకాకుళం నుంచి పొట్ట చేతబట్టుకొని అండమాను చేరి నలభై యేండ్లు దాటింది. ఉద్యోగం ముగిసినా అక్కడే ఉండిపోయారు. ఆ ద్వీపాలలో మనవాళ్లు తక్కువవారేమీ కారు. 2011 జనగణన ప్రకారం అక్కడి జనంలో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. పుస్తకం పంపిన నెలకు బావగారు ఫోను చేశారు. కుశలప్రశ్నలు లేవు.

"ఏటోయ్, నీ వేటగాడు విల్లు మోగించి వేటాడతాడా?"

"అది కవిసమయం, బావగారూ," అన్నాను.

"పందికి కవిసమయం తెలీదోయ్. చప్పుడు తెలుసు. ఆ ముసలాడు పస్తున్నది ఆ చప్పుడు వల్లనే గదా? నువ్వు దానికి బాజాలు కట్టావు."

ఫోను పెట్టేసిన తరువాత మూలం తీసి చూచాను. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. 'తాడు పలికింది' అన్న ఆ బోడి వాక్యమే కథకు కీలు. వేటగాడి చేయి వణకలేదు, గురి తప్పలేదు. పాతబడిన విల్లు అరిచింది, పంది విన్నది, అంతే. ఆ కారణాన్ని నేను అలంకారంగా మార్చి మింగేశాను. నా తెలుగులో ఆ పంది ఎందుకు పారిపోయిందో ఏ పాఠకునికీ తెలియదు. మూలరచయిత అప్పటికే గతించారు. క్షమాపణ చెప్పుకుందామన్నా ఆ వైపు వినేవారు లేరు.

మరుసటి ఫిబ్రవరిలో విశాఖపట్టణంలో ఓడ యెక్కాను. అక్కను చూడడం ఒక నెపం. అసలు ఆ పలికే తాడేమిటో చూడాలని నా కోరిక. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. మా అక్క నోట మాత్రం అది ఇంకా 'పోర్టుబ్లేరే'.

బావగారికి ఉద్యోగం వదలిన తరువాత పట్టిన పిచ్చి విలువిద్య. పెరటిలో కొబ్బరిచెట్ల మధ్య గడ్డితో నింపిన గోనెసంచీలు గురి. విల్లు తానే వడ్రంగి పక్కన కూర్చొని చేయించుకున్నది. వెదురుబద్దలు అతికించి, పిడి పడౌక్ కొయ్యతో తీర్చినది. నారి డాక్రాన్ దారం. రూపం వేటవిల్లుదే గాని దానితో వేట లేదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చిన దేశంలో సరదాకు పందిని కొట్టడం నేరం. "గోనెసంచీకి కూడా చెవులున్నాయనుకొని కొట్టాలి, అప్పుడే విద్య," అనేవారు ఆయన.

మొదటి సాయంకాలమే విషయం బోధపరచారు. విల్లు వంచినప్పుడు కొయ్యలో చేరిన బలమంతా బాణంతో వెళ్లిపోదు. కొంత వెనుక మిగిలిపోతుంది. మిగిలినది వింటి కొమ్మలలోను, నారిలోను కంపమై తిరుగుతుంది. మన చెవికి వినిపించేది ఆ మిగులే. అంటే విల్లు ఎంత గట్టిగా మోగితే బాణానికి అంత తక్కువ ముట్టిందన్నమాట. టంకారం వీరుని బలానికి గుర్తని మనం తరతరాలుగా అనుకుంటున్నాము. నిజానికది ఆ బలంలో వృథా పోయిన భాగం. ఈ మాట వినగానే నా మనస్సు చివుక్కుమన్నది.

లెక్క కూడా కాగితం మీద వేసి చూపారు. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. ఇటువంటి కొయ్యవింటి బాణం మహా అయితే 50 మీటర్లు పోతుంది. ఇరువది మీటర్ల దూరంలో ఉన్న జంతువుకు చప్పుడు సెకనులో పదహారో పదిహేడో వంతు కాలంలో చేరుతుంది. బాణానికి సెకనులో రెండైదవ వంతులు పడుతుంది. నడుమ మిగిలిన మూడో వంతు సెకను చాలు, జింకకు గాని పందికి గాని మోకాలు వంచి ఉరకడానికి. పాపం, నా ముసలి వేటగాడు ఓడిపోయినది ఆ మూడో వంతు సెకనులోనే.

మన నిఘంటువులు ఈ విషయంలో ఏ వైపున ఉన్నాయో ఆ రాత్రి పడుకొని తలచుకున్నాను. అమరకోశం వింటినారికి చెప్పిన పేర్లలో శింజిని ఒకటి. శింజిని అంటేనే సవ్వడి చేసేది. వింటి మ్రోతకు విస్ఫారమని ప్రత్యేకంగా ఒక పేరున్నది. నారి దెబ్బ ముంజేతికి తగలకుండా కట్టుకునే తోలుపట్టకు గోధ అని పేరున్నది. చేతిని కాపాడే సాధనానికి పేరు పెట్టిన మన పెద్దలు, చప్పుడును అణచే సాధనానికి పెట్టలేదు. తెలుగులో గొనయం, అల్లెత్రాడు వంటి చక్కని మాటలున్నాయి. అవి కూడా తాటిని చెప్పేవే గాని దాని నోరు మూయించే వస్తువును చెప్పవు. యుద్ధంలో మోగడమే గదా కావలసినది, శత్రువు గుండె అదరాలి. కాని స్వరోచి వేటను వర్ణించిన పెద్దన, తిన్నని కథ చెప్పిన ధూర్జటి నాటికి కూడా మనకు వేటవింటికి వేరే భాష ఏర్పడలేదేమో అనిపించింది. చప్పుడు సంగతి తెలియక కాదు. దశరథుడు కుండలో నీరు నిండే సవ్వడి విని బాణం వేసి ముని కుమారుణ్ణి చంపుకున్నాడు. వేటగాడి చెవిని గురించి మనకు అంత పెద్ద కథ ఉన్నది. వేటజంతువు చెవిని గురించి లేదు.

మాట వచ్చింది గనుక ఒక చిన్న సంగతి. ధనుష్టంకారం అనే మాట హిందీలోను, బెంగాలీలోను మన ధనుర్వాతానికి పేరు. బావగారి పొరుగున ఉన్న బెంగాలీ కుటుంబానికి నా వాక్యం వినిపించి ఉంటే, వేటగాడికి ఆ జబ్బు తగిలిందని జాలిపడి ఉండేవారు.

మరునాడు ఆంత్రోపలాజికల్ సర్వే వారి మ్యూజియానికి వెళ్లాము. గ్రేట్ అండమానీల విల్లు ఒక విచిత్రమైన తీరు. ఒక కొమ్మ లోనికి, ఒక కొమ్మ వెలుపలికి వంగి పాము మెలికవలె ఉంటుంది. జారవాల విల్లు, ఓంగీల విల్లు అట్లు కావు, ఒకే వంపుతో సాదాగా ఉంటాయి. సాగేరియా అనే చెట్టు కొయ్యకు వ్యాపారులు కూడా 'అండమాన్ బో వుడ్' అనే పేరు పెట్టారు. ఇ. హెచ్. మాన్ 1883లో వ్రాసినదీ, రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1922లో అచ్చు వేసినదీ చదివి వెళ్లాను గనుక బాణాలను కొంత పోల్చుకోగలిగాను. వాటికి ఈకలుండవు. పందిని కొట్టే బాణానికి మొన ఊడి వస్తుంది. ఊడినా ఒక తాడు మొనను కాడకు కట్టి ఉంచుతుంది. పరుగెత్తే పంది వెంట కాడ ఈడ్చుకొని పోయి పొదలలో చిక్కుకుంటుంది. అంటే పంది ఉరుకుతుందని ముందే ఒప్పుకొని చేసిన ఆయుధమది. నేను చూచిన నారులలో దేనికీ చప్పుడు అణచే కుచ్చు లేదు.

"వాళ్లకు అక్కరలేదోయ్," అన్నారు బావగారు. "బరువైన బాణం వింటి బలాన్ని ఎక్కువగా తీసుకుపోతుంది, మిగులు తక్కువ. దట్టమైన అడవిలో దగ్గరకు పోయి కొడతారు. మనకు దగ్గరకు పోవడం చేతకాదు గనుక ఈ తంటాలు."

ఆ మనుష్యులను వేటలో చూడాలని ఎవరూ కోరుకోరాదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన అందుకు అనుమతించదు, అనుమతించకపోవడమే న్యాయం. 2004 డిసెంబరు సునామీ తరువాత తీరరక్షక దళం హెలికాప్టరు నుంచి తీసిన ఒక ఛాయాచిత్రాన్ని చాలామంది చూచే ఉంటారు. ఉత్తర సెంటినెల్ ఒడ్డున ఒక మనిషి ఆకాశం వైపు విల్లు ఎక్కుపెట్టి నిలుచున్నాడు. రెక్కల రొదలో ఆ నారి సవ్వడి పైనున్నవారికి వినిపించి ఉండదు. అద్దాల బీరువాలోని పాము మెలిక విల్లు సంగతి వేరు. దాని చుట్టూ ఉండిన భాషలు ఒక్కొక్కటే పోయాయి. బో భాష మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ 2010లో కన్నుమూశారు. నేను ఆ విల్లు ఎదుట కొంతసేపు నిలబడి, తెలుగులో మాట లేదని రాత్రి అంతసేపు విచారించినందుకు సిగ్గుపడ్డాను.

ఇక కుచ్చుల ఎంపిక. దానికి పూర్తిగా రెండు దినాలు పట్టింది. ఎంపిక ఆయనది, వినికిడి నాది. గురికి పక్కగా, కాంక్రీటు గోడ చాటున నన్ను కూర్చోబెట్టి, "నువ్వు పందివి. కళ్లు మూసుకో. ఏమి వినబడిందో చెప్పు," అన్నారు. యాభై యేండ్లు దాటిన ఎం.ఏ. పట్టభద్రునికి ఇంతకంటె స్పష్టమైన పని ఎవరూ అప్పగించలేదు.

కుచ్చు కట్టకముందే చేయవలసినవి కొన్ని ఉన్నాయట. నారికి మరికొంత పురి పెడితే అది పొట్టిదై, వింటికీ నారికీ నడుమ ఎడం పెరుగుతుంది. ఒక హద్దు వరకు చప్పుడు తగ్గుతుంది. బాణం మరీ తేలికగా ఉండకూడదు. ఇవి సరిచూడకుండా కుచ్చులు కట్టడం, ఇల్లు కురుస్తుంటే కిటికీకి తెర కట్టడం వంటిదన్నారు. అవన్నీ అయిన తరువాత ఉత్త నారితో ఒక బాణం వేశారు. ణంగుమని మోగి, ఆ మోత గోడ మీద కొంతసేపు వాలి ఉండి పోయింది.

మొదట రబ్బరు. సన్నని రబ్బరు పోగులను గుత్తిగా కట్టారు. మోత పోయి 'డబ్' అని మొద్దు శబ్దం వచ్చింది. కాని బాణం జానెడు దిగువన తగిలింది. రబ్బరు బరువు. నారి మోసే ప్రతి ఎత్తు బరువుకూ బాణం వేగంలో సుంకం చెల్లించాలి. పైగా ఎండకు, ఉప్పుగాలికి రబ్బరు పగుళ్లు తీస్తుంది. తరువాత ఉన్ని. అక్క పాత స్వెట్టరు ఒకటి విప్పి ఇచ్చింది. ఆ ఊళ్లో దానికి వేరే ఉపయోగం ఎట్లాగూ లేదు. ఉన్ని పోగులు కట్టి, చివరలు కత్తిరించి చెదరగొట్టితే చిన్న బంతివలె విచ్చుకున్నాయి. బాణం విడిచారు. నాకు 'ఫుస్' అని ఊపిరి వదిలినట్లు వినిపించింది. అంతలోనే గోనెసంచీ చప్పుడు. బాణం పెద్దగా దిగలేదు.

"ఇదే," అని అరిచాను.

"తొందరపడకు," అని ఆ కుచ్చులను చెంబులో ముంచి తీసి మళ్లీ కొట్టారు. ఉన్ని నీరు త్రాగి రబ్బరును మించిన బరువైంది. ఏటా దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన కురిసే చోట అది చిన్న లోపం కాదు. తడిని ఓర్చేది, తేలికగా ఉండేది నీటిజంతువుల బొచ్చేనని విదేశపు విలుకాండ్రు అంటారట. వారు బీవర్ తోలు పీలికలు వాడతారు. మన దేశంలో ఆ జంతువే లేదు, నీటికుక్క ఉన్నదంటే దానికి చట్టం కాపలా. బావగారికి అటువంటి ఆలోచనే లేదు. నేను ఉత్సాహపడి కొబ్బరిపీచు సూచించాను. కట్టి చూచాము. అది చప్పుడు ఆపకపోగా నాలుగు దెబ్బలకు రాలి అంగణమంతా చెత్త చేసింది. అక్క చీపురు పట్టుకొని వచ్చి ఇద్దరికీ చెప్పవలసినది చెప్పింది.

ఎక్కడ కట్టాలన్నది మరొక చర్చ. నారి నట్టనడుమ అన్నిటికంటె ఎక్కువ ఊగుతుంది గాని అక్కడ బాణం కూర్చుంటుంది. అందుచేత రెండు కొసల నుంచి సుమారు నాలుగవ వంతు దూరంలో కడతారు. కొందరు ఒకటి నాలుగవ వంతున, మరొకటి మూడవ వంతున కట్టి, నారి ఏ ఒక్క స్వరంలోను స్థిరపడకుండా చేస్తారు. వైణికుడు ప్రాణం పెట్టి సాధించే పలుకును వీరు ఇంత శ్రద్ధగా చెడగొడతారు. బావగారు రెండవ పద్ధతికే మొగ్గారు. నా చెవికి తేడా తెలియలేదు. పందికి తెలుస్తుందేమో.

చివరకు ఎండకాలానికి ఉన్ని, వానకాలానికి రబ్బరు అని తీర్మానమైంది. నాకిది కొంత నిరాశ. ఏదో ఒకటి గెలుస్తుందనుకున్నాను.

మిగిలినది మాట. ఇంగ్లీషులో సైలెన్సర్ అంటారు. తెలుగువాడు సైలెన్సర్ అంటే మోటారు సైకిలు తలచుకుంటాడు. శబ్దనిరోధకం, ధ్వనిశామకం అని నేను కాగితం మీద వ్రాసుకుంటూంటే, అక్క వాకిట్లో ఆరవేసిన విల్లు వైపు చూచి, "జడకుచ్చుల్లాగా ఎంత ముద్దుగా ఉన్నాయిరా," అన్నది. హిందీలో వీటిని ఫుందనా అంటే సరిపోతుందని అప్పుడే తట్టింది. తెలుగులో నారికుచ్చు. ఇంకొకరు ఇదివరకే ఈ మాట వాడి ఉంటే నాకు సంతోషమే.

ఆ కథలో నారికుచ్చు లేదు. ఆ ముసలివాని వింటికి అది ఉండి ఉంటే కథే లేదు. నేను మార్చవలసినది ఒక్క వాక్యం. తిరుగు ఓడలో నా ప్రతి మీద టంకారాన్నంతా పెన్సిలుతో కొట్టివేసి, 'నారి పలికింది' అని వ్రాసుకున్నాను. రెండవ ముద్రణ ఇంతవరకు రాలేదు. మొదటి ముద్రణ ప్రతులు గ్రంథాలయాలలో ఉన్నాయి. వాటిలో ఆ వేటగాడు ఇంకా దిక్కులు పిక్కటిల్ల మోగిస్తూనే ఉన్నాడు.

మొన్న బావగారు ఫోను చేశారు. అక్కడ వానలు మొదలయ్యాయట. ఉన్ని విప్పి డబ్బాలో పెట్టి రబ్బరు కట్టానని, బాణం మళ్లీ జానెడు దిగుతున్నదని చెప్పారు.