తేలే దీపాలు... తేలికపడే మనసులు

"క్యాండిల్ లైట్" అన్న మాట కనిపించగానే పేజీ తిప్పెయ్యకండి. అది పెద్ద హోటళ్ల వ్యవహారమనీ, కొత్త దంపతుల ముచ్చటనీ మీకు అనిపించడం సహజమే. కానీ నా వయసు నలభై నాలుగు. పెళ్లయి ఇరవై రెండేళ్లు. మూసాపేటలో రెండు పడగ్గదుల ఫ్లాటు మాది. ఒక గది అత్తయ్యగారిది, రెండోదాన్ని ఇంటర్ చదివే మా అమ్మాయి పుస్తకాలతో సహా ఆక్రమించింది. ఇక మావారికీ నాకూ మిగిలింది హాలు, దాన్ని ఆనుకుని రెండు చీరలు ఆరేస్తే నిండిపోయే బాల్కనీ. అలాంటి ఇంట్లోనే వారానికోసారి నేను నీళ్ల మీద తేలే కొవ్వొత్తులు వెలిగిస్తున్నాను. ఎందుకో, ఎలాగో చెబుతాను, వినండి.

అసలు నీళ్ల మీద దీపం మనకేమన్నా కొత్తా? నేను పుట్టి పెరిగింది కొవ్వూరులో. కార్తీకమాసం వస్తే చీకటుండగానే అమ్మ లేపి గోష్పాద రేవుకి తీసుకెళ్లేది. అరటిదొప్పలో నేతివత్తి వెలిగించి గోదాట్లో పెట్టి, అది కదిలేలా నీళ్లని మూడుసార్లు ముందుకి తోసేవాళ్లం. ఎవరి దీపం ఎంతదూరం వెళ్తుందోనని మా పిల్లల పందేలు మావి. నెలంతా కుదరనివాళ్లు అమావాస్య మర్నాడు, పోలి పాడ్యమి నాడు, ముప్ఫై వత్తులు వెలిగించి వదులుతారు.

ఆ పోలి కథ మీకూ తెలిసే ఉంటుంది. అత్తగారు మిగతా కోడళ్లని వెంటబెట్టుకుని నదికి పోతూ, చిన్నకోడలు పోలికి మాత్రం ఇంటిచాకిరీ అప్పజెబుతుంది. ఆ పిల్ల రాలిన పత్తి ఏరి వత్తి చేసుకుని, కవ్వానికి అంటిన వెన్న రాసి, ఇంట్లోనే దీపం పెట్టుకుని, ఎవరి కంటా పడకుండా మూత వేసి దాస్తుంది. స్వర్గం నుంచి విమానం వచ్చింది ఆ దీపానికే. చిన్నప్పుడు నాకు విమానం గొప్పగా అనిపించేది. ఇప్పుడు మాత్రం ఆ కవ్వం వెన్నే గొప్పగా అనిపిస్తుంది. ఇంట్లో ఉన్నదాంతో, తన కోసం తాను ఓ దీపం పెట్టుకుంది చూడండి, అదీ!

ఇది మన ఒక్కళ్లదే కూడా కాదు. ఒడిశాలో సరిగ్గా కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున అరటిబోదెతో చేసిన చిన్నచిన్న పడవల్లో దీపాలు పెట్టి వదులుతారు. పూర్వం వాళ్ల వర్తకులు సముద్రాలు దాటి వెళ్లిన గుర్తుగా అట. థాయిలాండులోనూ మన కార్తీక పౌర్ణమి రోజుల్లోనే లోయ్ క్రతోంగ్ అని పండగ. అక్కడా అరటిబోదె, పూలు, దీపం, నీళ్లే. బజారులో రంగురంగుల పెట్టెల్లో అమ్మే ఫ్లోటింగ్ క్యాండిల్స్ చూసి ఇదేదో పాశ్చాత్య వేషం అనేవాళ్లకి నేను ఈ మాటే చెబుతాను.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను. మావారు హైటెక్ సిటీలో ఓ పెద్ద ఆఫీసు భవనంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. అంటే పొద్దస్తమానం లైట్లతోనే కాపురం. 2022లో కైతలాపూర్ బ్రిడ్జి తెరిచాక బండి ప్రయాణం సుఖమైంది గానీ, ఇంటికి చేరే టైము మాత్రం తొమ్మిదిన్నరే. రాగానే స్నానం, ట్యూబులైటు కింద అన్నం, చేతిలో ఫోను. మా మాటలు ఎలా ఉండేవంటే, "గ్యాస్ బుక్ చేశావా?" "చేశానండీ." "పాలవాడికి ఇచ్చావా?" "ఇచ్చానండీ." రోజుకి పది వాక్యాలు, అన్నీ ఖర్చుల పద్దులే. దెబ్బలాటల్లేవు, అలకల్లేవు. దెబ్బలాడుకోవడానికన్నా కొంత తీరిక కావాలి కదా!

పెళ్లయిన కొత్తలో ఇలా ఉండేది కాదు. అప్పట్లో రాత్రిళ్లు కరెంటు పోయేది. ఉక్కపోతకి తాళలేక చాప పట్టుకుని డాబా మీదకి పోయేవాళ్లం. గంటో, రెండు గంటలో చీకట్లో కూర్చుని ఏవేవో చెప్పుకునేవాళ్లం. మా అమ్మాయికి ఏం పేరు పెట్టాలో అనుకున్నది కూడా అలాంటి ఓ చీకట్లోనే. ఇప్పుడు కోతలూ తగ్గాయి, ఇన్వర్టరూ వచ్చింది. కరెంటు పోయినా మాకు తెలియదు. సౌకర్యమే, కాదనను. కానీ ఆ చీకటితో పాటు ఇంకేదో కూడా పోయింది.

పోయిన కార్తీకంలో గోదారి గుర్తొచ్చి, అత్తయ్యగారి పెళ్లినాటి ఇత్తడి తాంబాళాన్ని అటక మీంచి దింపి చింతపండుతో తోమాను. రెండంగుళాల నీళ్లు పోసి, నాలుగు తేలే కొవ్వొత్తులు, గుప్పెడు బంతిరేకలు వేసి, హాల్లో నేల మీద పెట్టి ట్యూబులైటు తీసేశాను.

అత్తయ్యగారు వచ్చి చూసి, "కరెంటు ఉండగా కొవ్వొత్తులేంటే అమ్మాయ్? చార్జీలేమన్నా పెంచారా?" అన్నారు. మావారైతే గుమ్మంలోనే చెప్పులు విడిచి తిన్నగా మీటరు బోర్డు దగ్గరికి నడిచారు, ఎం.సి.బి. పడిపోయిందనుకుని!

"పడలేదండీ, నేనే తీశాను. కూర్చోండి," అన్నాను.

కూర్చున్నారు. ముందు ఆయనలోని ఎలక్ట్రీషియనే మాట్లాడాడు. ట్యూబులైటు తెలుపుకి 6500 కెల్విన్ అంటారట, కొవ్వొత్తి పసుపుకి 1900 దగ్గర. రాత్రిపూట తెల్లటి వెలుతురు కళ్లలో పడుతుంటే నిద్ర తెప్పించే మెలటోనిన్ సరిగ్గా ఊరదట. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను. కాసేపటికి కెల్విన్లు అయిపోయాయి. దీపాలు నెమ్మదిగా తిరుగుతున్నాయి. వాటినే చూస్తూ, నావైపు తిరగకుండానే చెప్పారు. ఆఫీసులో మెయింటెనెన్స్ పని కొత్త కాంట్రాక్టరుకి ఇస్తున్నారట. పాతవాళ్లలో ఎవరిని ఉంచుతారో తెలియదట. ఆయనకి ఈ సంగతి తెలిసి రెండు నెలలైంది.

రెండు నెలలూ ఆ మనిషి నా పక్కనే అన్నం తిన్నాడండీ! ట్యూబులైటు వెలుగులో ఆయన మొహం నాకు స్పష్టంగా కనబడుతూనే ఉంది, అయినా ఆ మాట రాలేదు. ఎదుటివాళ్ల కళ్లు సూటిగా మీదుంటే మగవాళ్లకి గొంతు పెగలదేమో. ఇద్దరం ఒకే దీపాన్ని చూస్తూ కూర్చుంటే మాట దానంతటదే వస్తుంది. ఆ రాత్రి మేం లెక్కలు వేసుకున్నాం. అమ్మాయి ఫీజు, ఫ్లాటు వాయిదా, నా గాజులు, అన్నీ. ఇంకా ఏం తేలలేదు, కాంట్రాక్టరు నిర్ణయం రావాల్సి ఉంది. సరసానికి కూర్చోబెడితే ఇవేం మాటలు అంటారా? నా మటుకు నాకు పెళ్లయిన కొత్తలో ఆయన తెచ్చిన మల్లెపూల కన్నా ఆ రాత్రి చెప్పిన మాటే ముద్దొచ్చింది. చేతిలో చెయ్యి కూడా వేశారు లెండి, అది మీకెందుకు!

సరే, మీరూ పెట్టుకుంటానంటే కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. మైనం నీళ్లకన్నా తేలిక కాబట్టి తేలుతుంది. కానీ పొడుగాటి మామూలు కొవ్వొత్తిని ముక్క కోసి నీళ్లలో వేస్తే పక్కకి ఒరిగిపోతుంది. పైన వెడల్పు, కింద సన్నం, ప్రమిదలాంటి ఆకారంలో ఉన్నవే తీసుకోండి. వత్తి పావంగుళం మించితే కత్తిరించండి, పొగ రాదు. నీళ్లు పోసేటప్పుడు వత్తి తడిస్తే అంటుకోదు, అందుకే ముందు నీళ్లు, పూలు, చివర కొవ్వొత్తులు. రెండింటి మధ్య జానెడు ఎడం ఉండాలి. ఫ్యాను తప్పకుండా ఆపాలి. గాలికి అన్నీ ఓ మూలకి చేరి మంట పెద్దదవుతుంది, గాజుగిన్నె అయితే వేడికి పగులుతుంది కూడా. మన హైదరాబాదు ఎండాకాలంలో ఫ్యాను ఆపి కూర్చోమంటే విడాకులే! కాబట్టి ఇది కార్తీకం నుంచి శివరాత్రి దాకా చేసుకునే ముచ్చట.

కర్టెన్లకి దూరంగా పెట్టండి. నైలాన్ చీరతో, వేలాడే పమిటతో దగ్గర కూర్చోకండి. దీపాలుండగా నిద్రపోవద్దు. మైనం భగ్గుమంటే నీళ్లు చల్లకండి, మంట పైకి ఎగజిమ్ముతుంది. పళ్లెం బోర్లించండి, చాలు. సెంటు కలిపిన కొవ్వొత్తులు మూసిన గదిలో తలనొప్పి తెస్తాయి. మా అత్తయ్యగారికి ఆయాసం, అందుకని వాటి జోలికి పోను. వాసనకి చామంతులు చాలు.

కొవ్వొత్తులు కొనక్కర్లేదు అనుకుంటే ఇంకో పద్ధతి ఉంది. గాజుగ్లాసులో ముప్పాతిక నీళ్లు పోసి, పైన అరంగుళం మందాన నూనె పొయ్యండి. సీసా బిరడా పల్చటి బిళ్లలా కోసి, అల్యూమినియం ఫాయిల్ చుట్టి, మధ్య చిల్లు చేసి వత్తి దూర్చి తేలనివ్వండి. నూనె అయిపోగానే వత్తికి నీళ్లు తగిలి చిటపటమని తనంతట తానే కొండెక్కుతుంది. నోటితో ఊదే పని ఉండదు, అత్తయ్యగారికి అదే నచ్చింది. "దీపాన్ని ఊదకూడదమ్మా" అని పుట్టినరోజు కేకుల దగ్గర కూడా ముఖం చిట్లించే మనిషి ఆవిడ. ఇప్పుడు తన గదిలోంచి కనబడేలా తాంబాళం కాస్త ఇటు జరపమంటున్నారు. నేను ఏకాంతం కోసం పెట్టుకుంటే ఆవిడ ప్రేక్షకురాలయ్యారు. పోనీలెండి, తొమ్మిదిన్నరకల్లా నిద్రపోతారు.

నీళ్లు వేస్తే వెలిగే బ్యాటరీ దీపాలు కూడా వచ్చాయి. పసిపిల్లలున్న ఇంట్లో అవే నయం. నాకు మాత్రం ఆ వణకని వెలుగు రుచించలేదు.

ఇంకొక్కమాట. అందంగా ఉంది కదా అని ఆ నీళ్లని రోజుల తరబడి ఉంచకండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నిలవ నీళ్లలోనే. పొద్దున్నే మైనం ముక్కలు ఏరి చెత్తబుట్టలో వెయ్యండి, సింకులో వేస్తే గొట్టం పూడుకుపోతుంది. పూలూ నీళ్లూ కరివేపాకు కుండీలో పోస్తే సరి.