హిందీ యని వ్రాసికొనిరి

మాతృభాష యేమని నన్నడిగి, తెలుగని నేను చెప్పగా విని, కలము కొంత నిలిపి, తుదకు ‘హిందీ’ యని వ్రాసికొనిన యుద్యోగి నొకనిని నిన్న జార్జియా రాజధాని ట్బిలిసీలోని ఒక కార్యాలయమున చూచితిని. అది హిందీ కాదయ్యా యంటిని. అందులో మాండలికమేమో యనెను. మా దేశమున 8 కోట్ల మందికి అదియే మాతృభాష యంటిని. నవ్వి, తరువాతి వానిని పిలిచెను.

మరియే దేశము వాడైనను ఇట్లనియున్న పట్టించుకొనకపోదును గాని, వీరు జార్జియనులు! పట్టుమని 40 లక్షల జనము లేకున్నను, 33 అక్షరముల తమ గుండ్రని లిపిని ఏ యంగడి పలకమీదను విడువని వారు. 1978లో క్రొత్త రాజ్యాంగము వ్రాయుచు తమ భాషకున్న రాజభాషాస్థానమును తొలగింపజూచినప్పుడు, సోవియెట్ ప్రభుత్వ మెట్టిదో యెరిగియు, ఏప్రిల్ 14న రుస్తావేలీ రాజవీథిలో వేలకొలదిగా నడచి, మాస్కో చేత ఆ మాట వెనుకకు తీయించినవారు. ఆ దినము నేటికిని వీరికి భాషాదినము. ఆ కథ విన్నపుడెల్ల నాకు ఒడలు గగుర్పొడుచును. వెంటనే అనంతపురము సుభాష్ రోడ్డు పొడవున వ్రేలాడు ఇంగ్లీషు పలకలు తలపునకు వచ్చి తల వంగును. అట్టివారు నా భాష నడిగి, వేరొకటి వ్రాసికొందురా?

పోనీ, వీరి యిల్లేమైన చక్కగా నున్నదా? 2014 జనగణన ప్రకారము నూటికి ఆరుగురికి పైగా అజర్బైజానీలు, నలుగురికి పైగా అర్మేనియనులు గల దేశమిది. మార్నెఉలి పల్లెలలోను, జవాఖేతి పీఠభూమి మీది అఖల్కలాకిలోను పెక్కుమంది పెద్దలకు రాజభాష రాదు. వారి పిల్లలకు విశ్వవిద్యాలయమున ముందొక యేడు జార్జియను నేర్పుటకు 2010లో పథకమే పెట్టవలసివచ్చినది. మా హిందూపురము చింతపండు మండీలో ఏ పథకము నేర్పెనని శెట్టిగారు గౌరీబిదనూరు రైతుతో కన్నడమున ధర తెగ్గొట్టి, హమాలీని ఉర్దూలో కేకవేసి, చిట్టాలో తెలుగున పద్దు వ్రాసికొనెడివారు? మడకశిర ప్రక్క అమరాపురమున ఇంట కన్నడము, కచేరీలో తెలుగు. అదియొక సమస్య యని అక్కడ ఎవరికిని తోచలేదు.

ఇంతవరకు నా వాదము బాగుగనే నడచినది. కాని యిచ్చట మింగ్రేలీ, స్వానీ యను భాషలు రెండు కలవు. జార్జియనునకు తోబుట్టువులే యైనను దానితో కలియవు. ఆ భాషలవారిని జనగణన జార్జియనులలోనే చేర్చును, వారికి బడి చదువును జార్జియనే. స్వానేతి కొండలనుండి వచ్చిన మా యింటి యజమానురాలు ఫోనులో చెల్లెలితో స్వానీ మాటాడుచుండి, నేను మెట్లెక్కుట చూచి చటుక్కున జార్జియనులోనికి దిగును.

కదిరిలో సీతాఫలముల కాలమున తండానుండి గంప నెత్తుకొని వచ్చు సుగాలి యామెయు అంతే. అద్దాల రవిక తళుక్కుమనగా అరుగుమీద కూర్చుండి, మా యమ్మతో తెలుగున బేరమాడుచు, నడుమ నడుమ చంకబిడ్డను తన భాషలో కసరుకొనుచుండెడిది. వానలు లేక వేరుసెనగ మాడిపోయిన యేడు తండా తండాయే బెంగళూరికి కూలికి పోయినదట. అక్కడ మేస్త్రీలు తమ్మందరిని ‘తెలుగువాళ్లు’ అని పిలిచిరని చెప్పి ఆమె విరగబడి నవ్వినది. పండ్ల ధర మాత్రము పైసా తగ్గింపలేదు.